పెట్టెలు సరే, కొలబద్ద ఏదీ?

సైన్సు చదువు ఫలితం తేల్చేందుకూ నిధులు కోరవచ్చు. అడిగే తీరు తెలియాలి

విజయవాడ: కొత్త వరి వంగడం వచ్చిందంటే కృష్ణా డెల్టా రైతు వెంటనే పొలమంతా వేసేయడు. బాపట్ల నుంచో, మార్టేరు నుంచో వచ్చిన చిరుసంచి విత్తనాన్ని ఒక మడిలో వేసి, పక్క మడిలో తన పాత రకాన్నే ఉంచుతాడు. నీరు, ఎరువు రెంటికీ ఒకటే. కోత కోసి, రెండు మడుల గింజనూ విడివిడిగా తూకం వేసిన తర్వాతే మాట చెబుతాడు. అదే ఊరి ఉన్నత పాఠశాలకు లక్షల రూపాయల సైన్సు సామగ్రి వచ్చి ఏళ్లు గడిచినా, దానివల్ల పిల్లలకు ఎంత చదువు అబ్బిందో తూకం వేసి చెప్పగలవారు అరుదు. తప్పు పంతుళ్లది కాదు. సామగ్రికి నిధులిచ్చే పథకాల గురించి అందరికీ తెలుసు. ఆ సామగ్రి ఫలితాన్ని పరిశోధించేందుకు కూడా నిధులు కోరవచ్చన్న సంగతి మాత్రం చాలా బడులకు చేరలేదనే చెప్పాలి.

సామగ్రి నిధులకు ఇప్పుడు కొదవ లేదు. కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన అటల్ ఇన్నొవేషన్ మిషన్ కింద ఎంపికైన బడికి మొత్తం రూ.20 లక్షల దాకా గ్రాంటు వస్తుంది. అందులో సగం ప్రయోగశాల ఏర్పాటుకు, మిగతా సగం ఐదేళ్ల నిర్వహణకు. త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు, ఎలక్ట్రానిక్ పరికరాలు ఉండే ఈ టింకరింగ్ ల్యాబులు దేశంలో ఇప్పటికే పది వేలు దాటాయి. ఐదేళ్లలో మరో 50,000 ల్యాబులను ప్రభుత్వ బడుల్లోనే పెడతామని 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించారు. ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద పిల్లల ఆలోచన ఎంపికైతే నమూనా తయారీకి రూ.10,000 ఇస్తారు. ఇవి గాక, అమెరికాలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు సొంత ఊరి బడికి కంప్యూటర్లు, డిజిటల్ బోర్డులు పంపడం డెల్టాలో మామూలు విషయమే.

ఇంత సొమ్ము వచ్చాక అడిగే లెక్క ఏమిటి? కేంద్ర గ్రాంటు తీసుకున్న సంస్థ వినియోగ ధ్రువపత్రం, అందరూ వాడే మాటలో యు.సి., పంపాలి. ఆర్థిక నిబంధనల్లోని 12-ఎ నమూనా ఇది. వచ్చినదెంత, ఖర్చయినదెంత, మిగిలినదెంత అన్న గళ్లన్నీ పద్ధతిగా ఉంటాయి. ఫలితాలను వేరే అనుబంధంలో చూపాలని ఒక వాక్యం కూడా ఉంది. ఆ అనుబంధం ఎలా ఉండాలో ఆయా శాఖే తన అవసరాన్ని బట్టి తయారు చేసుకోవాలట. లెక్కపెట్టడానికి తేలికైనవే అలాంటి కాగితంలో ముందు చేరతాయి. ఎన్ని శిబిరాలు, ఎందరు పిల్లలు, ఎన్ని నమూనాలు అన్నవి చేరతాయి. ఎనిమిదో తరగతి పిల్ల కొలత తీయడం నేర్చిందా, తీసిన కొలతను నమ్మవచ్చో లేదో ఆలోచించడం నేర్చిందా అన్నది చేరడం కష్టం. దానికి ముందుగా పరీక్ష ఉండాలి, పోల్చడానికి మరో బడి ఉండాలి, తిరిగి చూడడానికి మనిషి ఉండాలి. ఈ మూడింటికీ ఖర్చవుతుంది.

ఆ ఖర్చుకు నిధులు కోరడానికి అదను కూడా ఉంది. పెట్టెలు విప్పిన మర్నాటి నుంచి ‘అంతకుముందు పిల్లల స్థితి’ అన్నది మరి దొరకదు. కొత్త ల్యాబులు రానున్న ఈ ఐదేళ్లే అందుకు సమయం.

అమెరికాలో పుట్టిన మాట

గణితం, విజ్ఞానశాస్త్రం, సాంకేతికం, ఇంజనీరింగు నాలుగూ కలిపి ‘స్టెమ్’ అంటున్నారు. అమెరికాలోని నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో విద్యా విభాగం చూసిన జుడిత్ రామలే 2001లో ఈ పేరు వాడుకలోకి తెచ్చారు. అంతకుముందు అదే అక్షరాలను వరస మార్చి ‘స్మెట్’ అనేవారు. వినడానికి బాగాలేదని మార్చారు. ఆ ఫౌండేషన్ సామగ్రికే గాక, సైన్సును ఎలా చెబితే పిల్లలకు వస్తుందన్న పరిశోధనకు కూడా ప్రత్యేకంగా గ్రాంట్లు ఇస్తూ వచ్చింది.

మన దేశంలోనూ ఆ ఆలోచన కొత్తది కాదు. ముంబయిలో హోమీ భాభా సైన్సు విద్యా కేంద్రం 1974లో మొదలైంది. పాఠశాల విద్యపై పరిశోధనలకు గ్రాంట్లిచ్చే ఎన్‌సీఈఆర్‌టీ కమిటీ, ‘ఎరిక్’ అని పిలిచేది, అదే ఏడాది ఏర్పడింది. అంతకు రెండేళ్ల ముందు, 1972లో, మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో ప్రయోగాల ద్వారా సైన్సు నేర్పే కార్యక్రమం ఆరంభమైంది. అది పదిహేను జిల్లాల్లో సుమారు వెయ్యి బడులకు పాకింది. దేశమంతటా సైన్సు పంతుళ్లు దాని పేరు విన్నారు. అయినా 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని మూసివేసింది. ముప్పై ఏళ్ల పని ఉండాలా, పోవాలా అన్న వాదం వచ్చినప్పుడు పేరు ప్రతిష్ఠలు అక్కరకు రాలేదు.

మన పల్లెల్లోనే జరిగిన పరీక్ష

తూకం వేసి చూడడం ఎలాగో తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కరలేదు. విద్యా ఫలితాలను కొలిచిన అధ్యయనాల్లో ప్రపంచమంతా చదివినది ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లోనే జరిగింది. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి 2005లో దాన్ని చేపట్టాయి. బ్రిటన్ అంతర్జాతీయాభివృద్ధి శాఖ కూడా నిధులిచ్చింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు నడిపారు. పేరు ఆంధ్రప్రదేశ్ రాండమైజ్డ్ ఇవాల్యుయేషన్ స్టడీ. ‘రాండమైజ్డ్’ అంటే చీట్లు తీసి పంచడమే. ఏ బడికి ఏ మేలు దక్కాలో సిఫారసులతో గాక లాటరీతో తేల్చారు.

మొత్తం 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు. నూరు బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే ఆయా పంతుళ్లకు విడివిడిగా బహుమానం. మరో నూరింటిలో బడి మొత్తానికి కలిపి. ఇంకో నూరింటికి అదనంగా ఒక కాంట్రాక్టు ఉపాధ్యాయుడు. మరో నూరింటికి పిల్లల పుస్తకాలు, రాతసామగ్రి కోసం గ్రాంటు. చివరి నూరింటికి ఏమీ లేదు. ఆ ఏమీ లేని నూరే అధ్యయనానికి ప్రాణం. రైతు పక్క మడిలో ఉంచిన పాత రకం అదే.

బహుమానం లెక్క సులువు. సగటు మార్కులు 5 శాతం మించి ఎంత పెరిగితే, ఆ పైన ప్రతి ఒక్క శాతానికి రూ.500. అంటే పది శాతం పెరిగితే పంతులుకు రూ.2,500. సగటున చూస్తే బహుమానం ఏడాది జీతంలో 3 శాతమే. రెండేళ్లు గడిచాక బహుమానం ఉన్న బడుల పిల్లలు, లేని బడుల పిల్లల కంటే గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు ముందున్నారు. ఈ అంకెలు సామాన్యుడికి అర్థం కావు గనుక ఇలా చెప్పవచ్చు: నూరుమంది పిల్లలను గణితం మార్కుల వరసలో తక్కువ నుంచి ఎక్కువకు నిలబెడితే, నడిమధ్య యాభయ్యో చోట ఉన్న పిల్లవాడు అరవయ్యో వాడి పక్కకు చేరాడన్నమాట. విడివిడి బహుమానం ఉన్న బడుల్లో ఐదేళ్లూ చదివిన పిల్లల విషయంలో గణితం తేడా 0.54కు పెరిగింది. బహుమానంతో సంబంధం లేని సైన్సులో కూడా 0.52 వచ్చింది. ఒక సబ్జెక్టుకు డబ్బు ముడిపెడితే మిగతావి మూలపడతాయని అనుకునేవారికి ఇది ఆశ్చర్యం కలిగించింది. పంతుళ్ల గైరుహాజరు తగ్గిందా అంటే అదీ లేదు. బడికి వచ్చిన రోజున అదనపు తరగతులు, సాధన పరీక్షలు ఎక్కువ పెట్టారు.

అయితే సామగ్రి గ్రాంటు పొందిన నూరు బడుల కథ వేరు. మన ల్యాబుల సంగతి ఆలోచించేవారు దీన్నే ముఖ్యంగా చదవాలి. గ్రాంటు విద్యార్థికి ఏడాదికి సుమారు మూడు డాలర్ల విలువ చేసేది. మొదటి ఏడు అది అనుకోకుండా వచ్చింది. పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడు వస్తుందని ముందే తెలుసు. మార్కులు పెరగలేదు. బడిలో ఇస్తారని తెలిసి తల్లిదండ్రులు తాము కొనే నోటుపుస్తకాల ఖర్చు తగ్గించుకున్నారు. ఇంటి జేబులో రూపాయి మిగిలింది గానీ పిల్లవాడి చేతిలోని సామగ్రి పెరగలేదు. జిష్ణు దాస్, స్టెఫాన్ డెర్కాన్ తదితరులు ఈ సంగతిని 2013లో ప్రచురించారు. తల్లిదండ్రులను తప్పుపట్టే విషయం కాదిది. పేద ఇంట్లో ఎవరైనా చేసే పనే. కానీ బడిలో లెక్క చూసి, ఇంట్లో లెక్క చూడకపోతే గ్రాంటు ఫలితం ఎన్నటికీ తేలదని మాత్రం దీన్నిబట్టి తెలిసింది.

ఇంతకు ముందు ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. బ్రిటన్ సాయంతో 1980ల్లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం 23 జిల్లాలకూ విస్తరించింది. చేసి నేర్చుకోవడం, బృందాలుగా పనిచేయడం, పిల్లల పనిని గోడలకు వేలాడదీయడం ఆనాటి శిక్షణల్లో ముఖ్యాంశాలు. ఆ కాలపు మాస్టార్లకు ‘ఏపీపీఈపీ’ అంటే చాలు, శిక్షణ తరగతులు గుర్తుకొస్తాయి. దాని మూల్యాంకనం చేసిన సస్సెక్స్ విశ్వవిద్యాలయం వారు, అందులోని చిక్కుల గురించే 1993లో ఒక వ్యాసం రాయవలసి వచ్చింది. పథకం ఊరూరా వ్యాపించాక పోల్చడానికి పాత పద్ధతి బడి దొరకడం కష్టం మరి.

డెల్టాలో తూకం ఎందుకు కష్టం?

అదే చిక్కు ఇటీవలా ఎదురైంది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వ బడుల్లోని ఎనిమిదో తరగతి పిల్లలందరికీ ట్యాబులు పంచారు. మంచా చెడా అన్నది అటుంచితే, అందరికీ ఒకేసారి అందిన వస్తువు ఫలితాన్ని దేనితో పోల్చాలి? ప్రైవేటు బడి పిల్లలతో పోలిస్తే కుదరదు. ఇంటి స్థితి వేరు, ట్యూషన్లు వేరు. విజయవాడ చుట్టుపట్ల ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరిట చదివే పిల్లలను, దివిసీమలో పొలం పని వేళ బడి మానే పిల్లలను ఒకే తక్కెడలో వేయడం న్యాయం కాదు.

పోనీ, సర్కారు సర్వేల అంకెలు వాడుకుందామంటే మరో తంటా. జాతీయ సాధన సర్వే 2021 నవంబరు 12న జరిగింది. అప్పుడు 3, 5, 8, 10 తరగతుల పిల్లలను పరీక్షించారు. తర్వాతి సర్వే ‘పరఖ్’ పేరిట 2024 డిసెంబరు 4న జరిగింది. అందులో 3, 6, 9 తరగతులు. అంటే సైన్సు పరీక్ష రాసిన తరగతులే మారిపోయాయి. ఈ రెంటి నడుమ, 2022 ఏప్రిల్ 4న, జిల్లాయే మారిపోయింది. మొదటి సర్వేలోని కృష్ణా జిల్లాలో విజయవాడ, నూజివీడు, కైకలూరు అన్నీ ఉన్నాయి. రెండో సర్వే నాటికి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు, నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాకు పోయాయి. మచిలీపట్నం కేంద్రంగా మిగిలినదే కృష్ణా జిల్లా. ‘మన జిల్లా అంకెలు పెరిగాయి’ అని గాని, ‘తగ్గాయి’ అని గాని ఎవరైనా వేదిక మీద చెబితే, ఏ జిల్లా, ఏ తరగతి అని అడగవలసి ఉంటుంది.

ప్రకృతి కూడా కలిసిరాదు. కరోనాతో 2020లో బడులు నెలల తరబడి మూతపడ్డాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పుస్తకాలు తడిసి, ఇల్లు వదిలి వెళ్లిన పిల్లల మార్కులు ఆ ఏడు తగ్గితే అది సైన్సు పాఠం లోపమా, వరద నష్టమా? ఒకే బడిలో ‘ముందు, తర్వాత’ అని పోల్చి ఊరుకుంటే ఈ ప్రశ్నకు జవాబు రాదు. వరద తగిలిన మరో బడిని, ల్యాబు లేనిదాన్ని, పక్కన పెట్టుకుంటేనే తెలుస్తుంది. 2025 వేసవిలో జరిగిన ఉపాధ్యాయుల బదిలీలూ ఇలాంటివే. ల్యాబును చేతిలోకి తెచ్చుకున్న మాస్టారు వేరే మండలానికి వెళితే, ఆ బడి అంకె ఒక్కసారిగా మారుతుంది. రెండే బడుల్లో ఆరువందలమంది పిల్లలకు పరీక్ష పెట్టి ‘ఆరువందల నమూనా’ అని దరఖాస్తులో రాస్తే అనుభవజ్ఞులు ఒప్పుకోనిది అందుకే. పిల్లలు ఆరువందలైనా, తేడా తెచ్చే పంతుళ్లు, బడులు రెండే.

పరీక్ష ఏ భాషలో అన్నది చిన్న విషయంగా కనబడుతుంది. కాదు. కెన్యా దేశంలో పల్లె బడులకు పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇచ్చి చూశారు. 2019లో నోబెల్ బహుమతి పంచుకున్న మైకేల్ క్రెమర్ తన సహచరులతో చేసిన అధ్యయనమది. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ముందునుంచీ బాగా చదివే పిల్లలకే అవి పనికొచ్చాయి. మిగతావారి మార్కుల్లో మార్పు లేదు. మన బడుల్లో ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలున్నాయి. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే ఇస్తే సైన్సు వచ్చిందో లేదో తెలియదు, ఇంగ్లీషు వచ్చిందో లేదో తెలుస్తుంది.

ప్రశ్న కూడా ఊరి నుంచే రావచ్చు. కైకలూరు వైపు చెరువుల్లో ప్రాణవాయువు ఎంత ఉందో తెల్లవారుజామున, మధ్యాహ్నం కొలిచిన అంకెలు పట్టికగా ఇచ్చి, ‘తెల్లవారుజామునే ఎందుకు తక్కువ? ఏరేటర్లు ఏ వేళ తిప్పాలి?’ అని అడిగితే చాలు. రాత్రివేళ నాచు, మొక్కలు ప్రాణవాయువును తయారు చేయలేవు, వాడుకుంటాయి మాత్రం. చేపలూ రొయ్యలూ వాడుకుంటాయి. సూర్యుడు వచ్చాకే మళ్లీ పెరుగుతుంది. గైడు బట్టీపట్టిన పిల్లవాడికి ఈ జవాబు రాకపోవచ్చు. చెరువు గట్టున నాన్నకు అన్నం పట్టుకెళ్లే పిల్లవాడికి సగం తెలిసే ఉంటుంది. మిగతా సగం బడి నేర్పిందా లేదా అన్నదే పరీక్ష. నాగాయలంక, కోడూరు వైపు బడుల్లో బోరు నీటి ఉప్పదనం కొలిచే ప్రశ్నను ఇలాగే తయారు చేసుకోవచ్చు.

దరఖాస్తు ఎవరు పెట్టాలి?

ఇలాంటి పరిశోధన గ్రాంట్లు సాధారణంగా వ్యక్తి చేతికి రావు. సంస్థ ద్వారా రావాలి. ప్రధాన పరిశోధకుడు ఒకరు, ఆయన పనిచేసే సంస్థ అధిపతి సంతకం, ఖాతా, ఆడిట్ అన్నీ ఉండాలి. అందువల్ల ఉన్నత పాఠశాల సైన్సు మాస్టారు ఒంటరిగా బయలుదేరితే తలుపుదాకా వెళ్లి తిరిగి రావలసి వస్తుంది. కృష్ణా జిల్లాకు అంగలూరులో డైట్ ఉంది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత దేశంలో డైట్లు పెట్టినప్పుడు శిక్షణతో పాటు క్షేత్ర పరిశోధన కూడా వాటి పనిగానే చెప్పారు. 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం మచిలీపట్నంలో ఉంది. బీఈడీ కళాశాలలూ ఉన్నాయి. బడి, డైట్, విశ్వవిద్యాలయం ముగ్గురూ ఒక కాగితం మీద సంతకం చేస్తే ఎన్‌సీఈఆర్‌టీ ‘ఎరిక్’ తలుపు తట్టవచ్చు. 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి కూడా విద్యా విషయాలకు ప్రాజెక్టు గ్రాంట్లు ఇస్తుంది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో, ఉస్మానియా ఆవరణలో ఉంది.

దరఖాస్తులో మొదటి పేజీలోనే చాలామంది జారిపోతారు. ‘సైన్సు విద్యను అభివృద్ధి పరచుట’ అని లక్ష్యం రాస్తారు. అది కోరిక, ప్రశ్న కాదు. ‘వారానికి రెండు గంటలు ల్యాబులో గడిపిన ఎనిమిదో తరగతి పిల్లలు, గడపని పిల్లల కంటే పట్టిక చదివి కారణం చెప్పడంలో ముందుంటారా?’ అన్నది ప్రశ్న. దీనికి జవాబు అవుననైనా రావచ్చు, కాదనైనా రావచ్చు. కాదని వస్తే ఏంచేస్తామో రాయగలిగిన దరఖాస్తును చదివేవారు నమ్ముతారు.

ఉమ్మడి రాష్ట్ర అధ్యయనంలో ఒక్కో జట్టుకు నూరు బడులున్నాయి. డైట్ వల్ల అంత కాదు. పది, ఇరవై బడులతో చేస్తే చిన్న తేడాలు పట్టుబడవు. పెద్ద తేడా ఉంటేనే కనబడుతుంది. ఆ సంగతి దరఖాస్తులో దాచకుండా రాయాలి. గొప్పలు రాసి, తర్వాత అంకెలు తేలక చేతులెత్తేయడం కంటే అది గౌరవం.

బడ్జెట్ పట్టికలో కంప్యూటరుకు, కెమెరాకు ముందు చోటిస్తారు. అసలు ఖర్చు మరోచోట ఉంటుంది. పరీక్ష పెట్టడానికి ఆ బడి పంతులు గాక బయటి మనిషి వెళ్లాలి. ఏరు దాటవలసిన లంక ఊళ్లుంటే పడవ ఖర్చు, పరీక్ష నాడు రాని పిల్లల ఇంటికి మర్నాడు మళ్లీ వెళ్లే ఖర్చు లెక్కలో ఉండాలి. రాని పిల్లలను వదిలేస్తే చదువులో వెనకబడ్డవారే ఎక్కువగా తప్పిపోయి, సగటు అనవసరంగా పెరుగుతుంది. ఇంట్లో పుస్తకాలకు, ట్యూషన్లకు ఎంత పెడుతున్నారో తల్లిదండ్రులను అడిగే పని కూడా బడ్జెట్‌లో చేరాలి. నోటుపుస్తకాల కథ తెలిశాక ఇది వదిలిపెట్టే ఖర్చు కాదు. పిల్లల పేర్లు బయటపెట్టబోమన్న హామీ, తల్లిదండ్రుల అంగీకారం ముందే ఉండాలి.

ప్రవాసుల సాయం తీసుకునేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. దాత భారత పౌరుడిగానే ఉండి తన కష్టార్జితాన్ని మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న వ్యక్తి పంపితే విదేశీ విరాళమే. 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద సంస్థకు నమోదో, ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. ఊరి బ్యాంకు ఖాతా నంబరు ఇచ్చి తర్వాత ఇబ్బంది పడకూడదు. బోర్డులు, కంప్యూటర్లు కొనిస్తున్న ఆ దాతలనే, ఈసారి వాటి ఫలితం తూచడానికి సాయం అడగవచ్చు. శిలాఫలకం మీద పేరు రాకపోవచ్చు గాని, పెట్టిన సొమ్ము ఏమైందో వారికీ తెలుస్తుంది.

గ్రాంటు మధ్యలో ఆగిపోతే?

ఆగవచ్చు. స్టెమ్ అన్న మాట పుట్టిన నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లోనే 2025 ఏప్రిల్, మే నెలల్లో వెయ్యికి పైగా గ్రాంట్లు అర్ధంతరంగా రద్దయ్యాయి. ఎక్కువ దెబ్బ తగిలింది స్టెమ్ విద్యా విభాగానికే. ఏళ్ల తరబడి పిల్లల వెంట నడవవలసిన అధ్యయనాలు మధ్యలో నిలిచాయి. అంత పెద్ద సంస్థలోనే అలా జరిగినప్పుడు, డెల్టాలో దరఖాస్తు పెట్టేవారు మొదటి పరీక్ష జవాబుపత్రాలు, బడుల జాబితా, చీట్లు తీసిన రికార్డు డైట్‌లో భద్రంగా ఉండేలా చూసుకోవాలి. అవి ఉంటే మూడేళ్ల తర్వాత వేరే నిధులతోనైనా పని మళ్లీ ఎత్తుకోవచ్చు. వరద నీరు చేరని బీరువాలో ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

నిధులు వచ్చేదాకా ఆగకుండా చేయగలిగినది ఒకటుంది. 50,000 ల్యాబులు ఒక్క ఏడాదిలో రావు, ఐదేళ్లలో వస్తాయి. అర్హత ఉన్న బడులు ఇరవై ఉండి, ఈ ఏడు పదింటికే వస్తే, ఏ పదింటికి ముందు అన్నది ఎలాగూ ఎవరో ఒకరు తేల్చాలి. ఆ బడుల ప్రధానోపాధ్యాయుల ఎదుట చీట్లు తీస్తే సిఫారసుల బెడద తప్పుతుంది. ఆగిన పది బడులకూ అన్యాయం లేదు, వాటి వంతు తర్వాత వస్తుంది. వంతు వచ్చేదాకా అవే పోలిక బడులు. అందుకు కావలసింది అధికారుల అనుమతి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అచ్చువేసిన నాలుగు పేజీల ప్రశ్నపత్రం, జూన్‌లో బడులు తెరిచాక ఇరవై బడుల్లోనూ ఒకే రోజున రెండు పీరియడ్ల సమయం.